మెడ దగ్గరి గుండీ

సోమవారం పొద్దున బేకరీ ఆవిడ కూతుర్ని రెక్క పట్టుకుని షాపులోకి లాక్కొచ్చేసరికి, టైలరమ్మ ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. నోట్లో సూదులున్నంతసేపూ ఆమె మాట్లాడదు. రోజు మొత్తంలో ఆమె నోరు మూసుకునే సమయం అదొక్కటేనని వీధిలో అందరూ నవ్వుకుంటారు. ఆమెకీ తెలుసు, ఆమె కూడా నవ్వుతుంది.

"చూడక్కా దీని వాలకం," అంది బేకరీ ఆవిడ. తెల్లవారుజామున పనికి వెళ్ళి, పిల్లని బడికి పంపడానికి మధ్యలో పరిగెత్తుకొచ్చే మనిషి. మోచేతుల దాకా పిండి అలాగే ఉంది. "ఈ నెలలో ఇది నాలుగోసారి. మెడ దగ్గర గుండీ లేదు. అడిగితే ఊడిపోయిందంటుంది. అదేం గుండీ అక్కా, కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోడానికి?"

పిల్ల చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. పన్నెండేళ్ళుంటాయి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. నోట్లో నాలుక లేదన్నట్టుండే పిల్ల.

టైలరమ్మ సూదులన్నీ దిండుకి గుచ్చి లేచింది. "చొక్కా విప్పక్కర్లేదు. బడి గంట కొట్టే టైమైంది, ఒంటి మీదే కుట్టేస్తా. ఇలా వెలుతురులోకి రా."

దారాలు తెంపే చిన్న కట్టర్ ఒకటి ఆమె మెడలో తాడుకి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. గుడ్డలో మిగిలిన పాత దారం పోగులు తీసెయ్యడానికి దాన్ని అందుకుని, కాలరు దగ్గరికి చెయ్యి పోనిచ్చింది. అంతే, పిల్ల గడ్డం పైకెత్తింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఊపిరి కూడా బిగబట్టింది. ఎవరూ కదలొద్దని చెప్పకుండానే కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

"అబ్బ, ఎంత బుద్ధిగా నిలబడిందో!" అంది టైలరమ్మ మెచ్చుకోలుగా. "ఇలా నిలబడ్డం నేర్పడానికి మా లీడరమ్మతో నాకు తలప్రాణం తోకకొచ్చింది."

లీడరమ్మ అంటే ఆమె కూతురే. ఈ పిల్ల క్లాసే. జూన్లో క్లాస్ లీడర్ని చేశారు. రోజూ పొద్దున ప్రార్థన దగ్గర అందరి యూనిఫాంలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని అప్పగించారు. టైలర్ కూతురికి కాక ఇంకెవరికి ఇస్తారని టైలరమ్మ ఆ సంగతి వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పింది.

దారానికి మైనం రాసి, రెండు పేటలు చేసి, ఆరుసార్లు తిప్పి కుట్టి, అడుగున ముడి వేసింది. "ఇక ఏనుగు లాగినా రాదు. అయినా చెల్లీ, పిల్లలకి గుండీ విలువ తెలియాలంటే నా దగ్గరో మందుంది. మా పిల్ల చిన్నప్పుడు గుండీ వేలాడేసుకుని తిరిగేది. నేనేం చేసేదాన్నో తెలుసా? తిట్టను, కొట్టను. దగ్గరికి పిలిచి నిలబెట్టి, కట్టర్‌తో టక్కుమని కోసి చేతిలో పెట్టేదాన్ని. నువ్వే కుట్టుకోవే అని. ఏడ్చిందా, రెండోది కూడా కోసేదాన్ని. నాలుగంటే నాలుగుసార్లు! ఇప్పుడు చూడు, అద్దంలా ఉంటుంది."

బేకరీ ఆవిడ నవ్వింది. ఈ కథ వీధిలో వినని వాళ్ళు లేరు, నవ్వని వాళ్ళూ లేరు. పిల్ల మాత్రం కళ్ళు తెరిచి టైలరమ్మని అదోలా చూసింది. ఏదో లెక్క తేలినట్టు ఉంది ఆ చూపు. తర్వాత కళ్ళద్దాలు పైకి తోసుకుని బడికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కూతురు పాలు తాగుతుంటే టైలరమ్మ అడిగింది, "ఆ బేకరీ వాళ్ళమ్మాయి నీ క్లాసేగా? గుండీలు ఎలా పోగొట్టుకుంటుందే?"

"ఎవరు, బూజా?"

"బూజేమిటే?"

"రొట్టెకి బూజు పడుతుంది కదమ్మా. అందుకని. అందరూ అలాగే పిలుస్తారు."

టైలరమ్మకి నవ్వొచ్చింది. రాకూడదని తెలుసు, అయినా వచ్చింది. "తప్పే, అలా అనకూడదు," అంది, నవ్వు పెదాల మీద ఉండగానే. కూతురు తల్లి పెదాల వంక చూసి, తనూ నవ్వి, గ్లాసు కడిగి బోర్లించింది. చెప్పకుండానే పనులు చేసే పిల్ల అది.

బుధవారం మధ్యాహ్నం బేకరీ ఆవిడ ఒక్కతే వచ్చింది. చొక్కాని మిషన్ మీద పడేసింది. మెడ దగ్గరది, దాని కింది రెండూ, మూడు గుండీలూ లేవు.

"నిన్న సాయంత్రం చేతులు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చిందక్కా. దారి పొడుగునా. కోపం ఆపుకోలేక రెండు అంటించాను కూడా. ఊడిపోయాయి అనే మాట తప్ప నోట్లోంచి ఇంకో మాట రాదు."

టైలరమ్మ చొక్కాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. తను మైనం రాసి కుట్టిన దారం! దాన్ని లాగితే ముందు గుడ్డ చిరగాలి. గుడ్డ చెక్కుచెదరలేదు. గోటితో దారం కొసలు పైకి లేపి చూసేసరికి ఆమె మొహం మారిపోయింది.

"ఇది ఊడింది కాదు చెల్లీ. ఊడిన దారం వదులై, పీచులా అయిపోయి ఉంటుంది. ఇది తెంపింది కూడా కాదు, తెంపితే గుడ్డ లాక్కుపోయి చుట్టూ ముడతపడుతుంది. ఇది కోశారు. నిదానంగా, గుండీ కిందికి కత్తెర దూర్చి కోశారు."

"అంటే?"

"అంటే ఎవరో నీ కూతురి గొంతు దగ్గర కత్తెర పెట్టారు. ఒక్కసారి కాదు, ఐదుసార్లు."

బేకరీ ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. పిండి అంటిన చెయ్యి తన మెడ మీదికే పోయింది. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి పిల్ల అయితేనేం, పిల్ల పిల్లే. ఇంత పని చేస్తుంటే బళ్ళో పెద్దవాళ్ళంతా గుడ్లప్పగించి చూస్తున్నారా?

"ఇప్పుడే వెళ్ళు. ఈ చొక్కా పట్టుకెళ్ళి పెద్ద మేడం బల్ల మీద పెట్టి నిలదియ్. నేను చెప్పానని చెప్పు. బడి మొత్తానికి యూనిఫాంలు కుట్టేది నేను. నా మాట కాదనడానికి లేదు."

ఆవిడ వెళ్ళాక కూడా టైలరమ్మ గొణుక్కుంటూనే మిషన్ తొక్కింది. ఆ కోపంలో రెండుసార్లు దారం తెగింది.

గురువారం పొద్దున మళ్ళీ వచ్చిన బేకరీ ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ మాటే చెప్పానక్కా. పెద్ద మేడం శ్రద్ధగా విన్నారు, మంచినీళ్ళు కూడా ఇప్పించారు. విని ఏమన్నారో తెలుసా? ఇంత నిదానంగా, గుడ్డ చెదరకుండా కోశారంటే పిల్ల కదలకుండా నిలబడి ఉండాలి కదా అన్నారు. ఎవరైనా కత్తెర పెడితే ఏ పిల్లయినా అరవదా, పారిపోదా అన్నారు. కాబట్టి ఇది తనే కోసుకుంటోందట. నలుగురూ తన వంక చూడాలని."

"అదేం మాట!"

"లీడర్ కూడా చూసిందట. నీ కూతురే. బూజు... అదే, అక్కడ అలాగే అంటున్నారు, మా అమ్మాయి బాత్రూంలో తనే కోసుకుంటుంటే చూశానని చెప్పిందట." ఆవిడ సంచీలోంచి చొక్కా బయటికి తీసింది. "రేపు పదింటికి రమ్మన్నారు. టీసీ ఇచ్చి పంపించేస్తారట. కత్తెర పట్టుకుని తిరిగే పిల్లని మిగతా పిల్లల మధ్య ఉంచలేమని. నిన్ను కూడా రమ్మన్నారు, కోసిందేనని చెప్పడానికి. ఇంకే బడికి పంపాలక్కా దీన్ని? పోనీ నిజంగా ఇదే చేసుకుంటోందా? నాకేం పాలుపోవట్లేదు."

చొక్కా బల్ల మీద పెట్టింది. "కుట్టి ఉంచు. ఇంకో చొక్కాకి చెయ్యి చిరిగిపోయింది. రేపైనా మర్యాదగా ఉన్న చొక్కాతో తీసుకెళ్తాను."

నిజం చెప్పినందుకు మెడకి చుట్టుకుంది అనుకుంది టైలరమ్మ. అదీ తన మెడకి కాదు, ఆ పిల్ల మెడకి. చొక్కా ముందేసుకుని, దీపం దగ్గరికి లాక్కుని, పాత దారాలు తియ్యడానికి సూది మొన దూర్చింది. నిన్న కోపంలో, కోశారని చూసిందే గానీ ఎలా కోశారో చూడలేదు.

పోగులన్నీ ఒకే మట్టానికి తెగి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ కోతకి అందక, లాగితే సాగి తెగి, చివర మెలి తిరిగి, పిల్లి మీసంలా పైకి నిలబడి ఉంది. రెండో గుండీ దగ్గర కూడా ఒక పోగు అలాగే ఉంది. మూడో చోటా అంతే.

టైలరమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

ఎండాకాలంలో ఆమె పాత కట్టర్ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. మొన దగ్గర బియ్యపు గింజలో సగమంత ముక్క ఎగిరిపోయింది. అప్పట్నుంచి దాంతో ఏది కోసినా ఒక పోగు మిగిలిపోయేది. వారం రోజులు దాన్ని తిట్టుకుంటూ పనిచేసి, చివరికి కొత్తది కొనుక్కుంది. పాతదాన్ని గుండీల డబ్బాలో పడేసింది.

డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. గుండీలన్నీ దొర్లి కింద పడ్డాయి. కట్టర్ లేదు. ఎవరో అరువు తీసుకెళ్ళి ఉంటారని మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ కట్టర్లు లోకంలో వేలున్నాయి, మొన విరిగినవీ బోలెడు ఉంటాయని కూడా చెప్పుకుంది. సాయంత్రం నాలుగింటి దాకా ఈ రెండు మాటలే తిప్పి తిప్పి చెప్పుకుంటూ, ఒక్క కుట్టు కూడా వెయ్యలేకపోయింది.

కూతురు వచ్చి, చెప్పులు జతగా విడిచి, సంచీ గోడకి ఆనించి, మొహం కడుక్కోడానికి వెనక్కి వెళ్ళింది. కుళాయి చప్పుడు మొదలవగానే టైలరమ్మ సంచీ విప్పింది. జామెట్రీ బాక్సులో స్కేలు కింద, కాగితంలో చుట్టి ఉంది కట్టర్. దాని పక్కనే ఒక దారానికి తెల్ల గుండీలు వరసగా గుచ్చి ఉన్నాయి. చివరి మూడింటి కన్నాల్లో ఆమె మైనం రాసిన దారం ముక్కలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి.

గుండీల దండ ముట్టుకోలేదు. కట్టర్ మాత్రం తీసి తన చేతిసంచిలో వేసుకుని, బాక్సు మూసి, సంచీ ఎలా ఉందో అలాగే పెట్టింది. కుళాయి ఆగింది.

"అమ్మా, రేపు నన్ను కూడా పెద్ద మేడం రమ్మన్నారు," అంది కూతురు, మొహం తుడుచుకుంటూ. "నేను చూసింది చెప్పాలిట."

"ఏం చూశావు?"

"తనే కోసుకుంటుంది." రెప్ప కూడా వాల్చలేదు. "నువ్వూ చెబుతావుగా, కోసిందేనని?"

ఇంకొక్క మాట అడిగితే కూతురు అబద్ధం చెబుతుందని కాదు ఆమె భయం. నిజం చెప్పేస్తుందేమోనని. పాలు కలిపి ఇచ్చి, మిషన్ ముందుకి వచ్చి కూర్చుంది.

కట్టర్ నా దగ్గరుంది, ఇంక కొయ్యదు అనుకుంది. రేపు ఆ పిల్లని కాస్త మందలించి వదిలేస్తారు, టీసీ అని బెదిరిస్తారే గానీ ఇస్తారా అనుకుంది. పిల్లలన్నాక, అని కూడా అనుకుంది. నిన్న అదే మాట ఇంకెవరైనా అని ఉంటే వాళ్ళని కడిగిపారేసేది.

తర్వాత ఆమె చేసిన పని చెప్పుకోడానికి ఇష్టపడేది కాదు. పట్టకారుతో ఒక్కొక్క పోగే పీకింది. పిల్లి మీసంలాంటి ఆ మూడు పోగులూ ముందు పీకింది. గుడ్డ తిరగేసి, దులిపి, కన్నాల మీద ఇస్త్రీపెట్టె వేడిగా ఆనించింది. కొత్త గుండీలు మూడూ కుట్టింది. కింద రాలిన దారాలు ఊడ్చి, ఉండ చేసి, బయట చెత్తబుట్టలో పడేసి వచ్చింది. చొక్కా కొత్తదానిలా ఉంది. అంత శుభ్రమైన పని ఆమె ఏ గిరాకీకీ చెయ్యలేదు.

ఆమె లోపలికి వచ్చేసరికి కూతురు జామెట్రీ బాక్సు తెరిచి, దానిలోకే చూస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తి తల్లిని చూసింది. మెల్లగా బాక్సు మూసి లెక్కలు చేసుకోసాగింది.

శుక్రవారం పదింటికి పెద్ద మేడం గదిలో అందరూ నిలబడ్డారు. పెద్ద మేడం చెడ్డమనిషి కాదు. గొంతు పెంచదు, పెద్దవాళ్ళెవర్నీ ఏకవచనంతో పిలవదు. గోడలనిండా కప్పులు, ఫోటోలు. బల్ల మీద ఒక తెల్ల కాగితం, పక్కన మూత తీసిన పెన్ను సిద్ధంగా ఉన్నాయి.

"మీరు చూసి చెప్పబట్టే మాకు అసలు సంగతి తెలిసింది," అంది టైలరమ్మతో. "ఊడిపోయాయనే అనుకునేవాళ్ళం ఇన్నాళ్ళూ. అది కోసిందే కదండీ?"

"కోసిందే," అంది టైలరమ్మ. చేతిసంచి పొట్టకి అదుముకుని ఉంది.

బేకరీ పిల్ల ఆ చొక్కాయే వేసుకుని వచ్చింది, గుండీలన్నీ పెట్టుకుని. మెడ దగ్గరిది కూడా. లీడర్ బాడ్జీ పెట్టుకున్న కూతురు చేతులు వెనక్కి కట్టుకుని, తలుపు పక్కన నిటారుగా నిలబడింది.

"మాకు అర్థం కానిది ఒక్కటే," అంది పెద్ద మేడం. "కత్తెర ఎక్కడిదీ అని. సంచీ వెతికితే దొరకలేదు. ఈ అమ్మాయి మీ షాపుకి వస్తూ ఉంటుంది కదా?"

అప్పుడు తలుపు దగ్గర్నుంచి నెమ్మదిగా, మర్యాదగా వినిపించింది. "అమ్మా, మన పాత కట్టర్ ఒకటి కనిపించట్లేదు కదా?"

టైలరమ్మ తిరిగి చూసింది. కూతురు ఆమె వంకే చూస్తోంది. సహాయం అడుగుతున్న చూపు కాదది. సూదిలో దారం ఎక్కించి, ఇక నువ్వు కుట్టు అని చేతికి అందించినట్టుంది. ఒక్కసారి తలూపితే చాలు.

"అదన్నమాట," అంది పెద్ద మేడం, బరువు దిగినట్టు. పిల్ల వైపు వంగింది. "భయపడకు. నిజం చెప్పేస్తే ఇక్కడితో అయిపోతుంది. ఆంటీ షాపులోంచి నువ్వే తీశావా?"

పిల్ల కళ్ళద్దాల వెనక నుంచి ఒకసారి లీడర్ని చూసింది, ఒకసారి టైలరమ్మని చూసింది. సోమవారం చూసినట్టే, లెక్క తెలిసిపోయినట్టు.

"అవును మేడం," అంది. "నేనే తీశాను."

బేకరీ ఆవిడ చెయ్యి లేచింది. "దొంగతనం కూడానా, నీ..." ఆ చెయ్యి దిగేలోగా టైలరమ్మ దాన్ని పట్టుకుంది. ఆ మణికట్టు ఇంకా పిండి వాసన వేస్తోంది.

"కొట్టకు చెల్లీ. అది తియ్యలేదు."

చేతిసంచిలోంచి కట్టర్ తీసి తెల్ల కాగితం మీద పెట్టింది. "ఇది నాది. మా అమ్మాయి బాక్సులో ఉంది. గుండీలు కూడా ఉన్నాయి, దండ గుచ్చి. కోసింది మా అమ్మాయి. చొక్కా మీద ఉన్న గుర్తుల్ని నిన్న నేనే పీకి పారేశాను." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నోట్లో గుండుసూదులు పెట్టుకున్నప్పటి ఇనుము రుచి తగిలింది.

పెద్ద మేడం కట్టర్ వంక, తలుపు దగ్గర బాడ్జీ వంక చూసి, లేచి తలుపు దగ్గరగా వేసింది. "తొందరపడకండి. పిల్లలు తెలిసీ తెలియక చేస్తారు. మీ అమ్మాయి మా బడికి మంచి పేరు తెచ్చే పిల్ల. ఇది కాగితం దాకా వెళ్ళక్కర్లేదు, మనలో మనం మాట్లాడుకుని..."

"రాయండి మేడం. ఆ పిల్ల మీద రాయడానికి తీసిన కాగితమేగా ఇది."

టైలరమ్మ బేకరీ ఆవిడ తిట్లకి సిద్ధపడే ఉంది, అవి వచ్చి ఉంటే బాగుండేది. ఆవిడ తన కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ దగ్గరి గుండీ విప్పింది. ఆ పిల్ల గట్టిగా ఊపిరి తీసుకుని, తల్లి భుజం మీద మొహం పెట్టేసింది.

టైలరమ్మ కూతుర్ని వారం రోజులు బడికి రావద్దన్నారు. బాడ్జీ అక్కడే తీసుకున్నారు. షాపు తలుపు తీసి, లోపలికి వచ్చాక టైలరమ్మ అడిగింది.

"ఎందుకే? అది నిన్నేం చేసింది?"

"ఏం చెయ్యలేదు. నీట్‌గా ఉండదు. కాలరు నలిగిపోయి ఉంటుంది, గుండీ వదులుగా ఉంటుంది. చెప్పినా వినదు. అందుకని కోశాను."

"గొంతు దగ్గర కత్తెర పెట్టా?"

"నువ్వూ అక్కడే పెట్టేదానివిగా."

"నేను నీకు చేసింది వేరు. నీ మంచికి..."

"నేనూ దాని మంచికే చేశాను. మొదటిసారి ఏడ్చింది. అందుకని రెండోది కోశాను." కూతురి గొంతులో కోపం లేదు, పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. "అందరూ నవ్వారు. నువ్వు చెప్పినప్పుడు కూడా అందరూ నవ్వుతారుగా."

కూతురి చొక్కా మీద, బాడ్జీ తీసిన చోట, పిన్ను లాగిన దారం ఒకటి కాలరు పక్కన వేలాడుతోంది. వేలాడే దారం కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు, ఇరవై ఏళ్ళ అలవాటు. మెడలో కట్టర్ అందుకుంది. కూతురి మెడ దగ్గరికి చెయ్యి పోనిచ్చింది.

కూతురు గడ్డం పైకెత్తింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఊపిరి బిగబట్టింది.

ఎన్ని వందలసార్లు ఇలా నిలబడిందో. ఎంత బుద్ధిమంతురాలో అని ప్రతిసారీ మురిసిపోయింది టైలరమ్మ. ఇప్పుడు చూస్తుంటే ఆ లేత మెడ మీద నరం గబగబా కొట్టుకోవడం కనిపిస్తోంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. కట్టర్ ఉన్న తాడుని తల మీదుగా తీసేసి, కూతురికి వినపడేలా, దూరంగా బల్ల మీద పెట్టింది.

"తీసేశానే," అంది. "ఊపిరి తీసుకో."

కూతురు కళ్ళు తెరవలేదు.